ఆకాశవాణిలో దేవుడి వాటా

ఈసారి రాసింది కొంచెం పొడుగైంది, తీరిగ్గా చదవండి. వారానికి అరగంట తెలుగు కార్యక్రమం కావాలని రేడియో వాళ్ళకి ఉత్తరం పెడదామని పోయిన కమిటీ మీటింగులో అనుకున్నాం కదా. ముసాయిదాలో "తెలుగు భక్తి కార్యక్రమం" అని రాశారు. ఆ "భక్తి" అన్న మాట దగ్గర ఇద్దరు లేచారు. ఒకరు చర్చికి వెళ్ళే కుటుంబం, ఇంకొకరు ఏ గుడికీ వెళ్ళని మాస్టారు. మాట పెరిగింది, టీ చల్లారింది, తీర్మానం వాయిదా పడింది. ఎవరిది రైటు అని చెప్పడానికి రాయడం లేదు. ఈ గొడవ మనతో మొదలైంది కాదని, మన దేశంలో రేడియో ఉన్నన్నాళ్ళూ ఇది ఉందని చెప్పాలనిపించింది.

అసలు పేరులోనే ఉంది చూడండి. ఆకాశవాణి అంటే మనకి ముందు గుర్తొచ్చేది భాగవతంలో కంసుడి రథం ఆపిన గొంతు. మైసూరులో ఎం.వి.గోపాలస్వామి అనే ప్రొఫెసరు 1935లో తన ఇంట్లో పెట్టుకున్న చిన్న రేడియో కేంద్రానికి ఆ పేరు పెట్టారు. ఇరవై ఏళ్ళ తర్వాత దేశం మొత్తానికీ అదే పేరైంది. మనకి అందులో దేవుడు ఎక్కడా వినపడడు. "ఆకాశవాణి, విజయవాడ కేంద్రం" అంటే వార్తలు, పంటల ధరలు, నాటకం. నేను చదువుకున్న తమిళనాడులో మాత్రం ఆ మాట మీద పెద్ద పోరాటమే నడిచింది. మాకు "వానొలి" ఉండగా ఆకాశవాణి ఎందుకన్నారు వాళ్ళు. 2023 మేలో అన్ని చోట్లా ఆకాశవాణి అనే అనాలని ఆర్డరు వచ్చినప్పుడు మళ్ళీ అదే గొడవ. ఒకరికి మామూలు మాట ఇంకొకరికి రుద్దుడుగా వినిపిస్తుంది. మన మీటింగులో జరిగిందీ దాదాపు అదే.

నా సంగతి కొందరికే తెలుసు. మా నాన్నది కూడా రైల్వే ఉద్యోగం. నేను అరక్కోణంలో తమిళ మీడియంలో చదివాను. తెలుగు బడి మెట్టు ఎక్కలేదు. ఇంట్లో అమ్మ నేర్పిన అక్షరాలు, తెల్లవారుజామున మీడియం వేవ్‌లో గరగరల మధ్య వచ్చే విజయవాడ, అంతే నా తెలుగు చదువు. తర్వాత గుమాస్తా ఉద్యోగంతో వాల్తేరు డివిజన్‌కి వచ్చి రాయగడలో స్థిరపడ్డాక పగలు విశాఖ, రాత్రి విజయవాడ పట్టుకునేవాణ్ణి. కొండల మధ్య రేడియోని ఏ కిటికీ దగ్గర పెడితే ఏ స్టేషను వస్తుందో మా క్వార్టర్లలో అందరికీ తెలుసు. జయపురం కేంద్రానికి అంత శ్రమ అక్కర్లేదు, ఎక్కడ పెట్టినా వచ్చేది.

మన జిల్లాల చరిత్రకీ రేడియో చరిత్రకీ విచిత్రమైన దగ్గరితనం ఉంది. జయపురం సంస్థానం, అంటే ఇప్పటి కోరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కనగిరి జిల్లాలు, మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం ఏజెన్సీగా ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు కోరాపుట్ జిల్లాగా అందులో కలిశాయి. ఆ ఏడే జూన్‌లో ప్రభుత్వ రేడియోకి ఆల్ ఇండియా రేడియో అన్న పేరు పెట్టారు. రెండు నెలల తేడా. అప్పటికి కటక్‌లో స్టేషను లేదు, విజయవాడలో లేదు. మద్రాసులో ఆల్ ఇండియా రేడియో కేంద్రం 1938 జూన్‌లో వచ్చింది, తిరుచ్చి 1939లో. తెలుగువాళ్ళకి మొదట్లో మద్రాసే దిక్కు. 1947 ఆగస్టు 15న తెలుగు పాట మోగింది కూడా అక్కడి నుంచే. బాలాంత్రపు రజనీకాంతరావు గారి పాట, టంగుటూరి సూర్యకుమారి గారి గొంతు.

ఆ మద్రాసు, తిరుచ్చి స్టేషన్ల మీద అప్పట్లో నడిచిన తగువు మతం గురించి కాదు, భాష గురించి. కానీ దేవుడి పాటల మీదే. కచేరీ అంటే త్యాగరాజ కృతులు, త్యాగరాజ కృతులంటే తెలుగు. మా ఊళ్ళో మా పాట ఏదని తమిళులు అడిగారు. 1941లో చిదంబరంలో, అన్నామలై విశ్వవిద్యాలయంలో మహానాడు పెట్టారు. 1943లో మద్రాసులో తమిళ్ ఇసై సంఘం వెలిసింది. నేను స్కూల్లో ఉన్నప్పుడు మా తమిళ అయ్యగారు ఈ కథ గర్వంగా చెప్పేవారు. క్లాసులో తెలుగు పిల్లాణ్ణి నేనొక్కణ్ణే, తల దించుకుని వినేవాణ్ణి. ఇప్పుడు ఒడిశాలో ఉండి అరగంట తెలుగు అడుగుతుంటే ఆయన వాదనే నా నోట వస్తోంది. భక్తి ఒకటే అయినా ఏ భాషలో మొక్కాలన్నది వేరే సంగతి, వాటా వేరే సంగతి.

ఇక్కడ ఒక చిన్న పిట్టకథ. 1940 మార్చి నుంచి ఆల్ ఇండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. మన రాగాల్లోని గమకాలు ఆ మెట్ల మీద పలకవన్నది కారణం. 1971 దాకా అది నడిచింది. హరికథ, భజన మండలి, చర్చిలో కీర్తన, సూఫీల ఖవాలి, వీటన్నిటికీ ఉమ్మడి వాయిద్యం ఏదయ్యా అంటే హార్మోనియమే. అన్ని మతాల వాళ్ళూ కలిసి వాడుకున్న ఒకే ఒక పెట్టెని రేడియో గుమ్మం బయట పెట్టింది. పండితుల నిర్ణయాలు అలాగే ఉంటాయి. సమాచార శాఖ మంత్రి బి.వి.కేస్కర్ గారు 1952లో సినిమా పాటలకి కూడా అదే గతి పట్టించారు. జనం రేడియో సిలోన్‌కి తిప్పుకున్నారు. చివరికి 1957 అక్టోబరులో వివిధ భారతి పెట్టాల్సి వచ్చింది. ఈ సంగతి ఊరికే చెప్పడం లేదు. ప్రభుత్వ రేడియో ఏది వద్దంటే జనం దాన్ని ఇంకో చోట వెతుక్కుంటారు. మత ప్రసారాల విషయంలోనూ అంతే జరిగింది, అది కింద చెప్తాను.

రేడియోలో దేవుడి ప్రవేశం గురించి మాట్లాడితే గాంధీ గారి దగ్గర ఆగాలి. 1947లో ఢిల్లీలో సాయంత్రం ప్రార్థన సభలు జరిగేవి. గీత, ఖురాన్, క్రైస్తవ కీర్తన అన్నీ ఉండేవి. ఖురాన్ చదువుతుంటే ఎవరైనా లేచి అభ్యంతరం చెబితే, గాంధీ గారు అడ్డు చెప్పినవాణ్ణి గెంటించకుండా ప్రార్థన ఆపేసేవారు. ఆ సభల్లో ప్రార్థన తర్వాత ఆయన మాట్లాడే మాటల్ని రేడియో రికార్డు చేసి ప్రసారం చేసేది. ఆ ఏడు నవంబరు 12న, దీపావళి రోజు, ఆయన ఢిల్లీ రేడియో కేంద్రానికి వెళ్ళారు. జీవితంలో అదొక్కసారే. కురుక్షేత్ర శిబిరంలో ఉన్న కాందిశీకుల కోసం మాట్లాడారు.

తర్వాత జరిగింది మన ఒడిశా వాళ్ళు మరిచిపోకూడనిది. కటక్ కేంద్రం మొదలైంది 1948 జనవరి 28న. రెండు రోజులకే జనవరి 30. కొత్త స్టేషను మూడోనాడే మోయాల్సిన వార్త అది. ఆ సాయంత్రం ఆల్ ఇండియా రేడియో ప్రకటనలో ఒక మాట కావాలని చేర్చారు, కాల్చినవాడు హిందువు అని. మామూలుగా గొడవల వార్తల్లో ఏ మతం వాళ్ళో చెప్పకపోవడం రేడియో మర్యాద. ఆ రోజు చెప్పకపోతే పుకారు ముందు పరిగెత్తేది, ముస్లింల ఇళ్ళ మీద పడేవాళ్ళు. మతం పేరు దాచడం వల్ల ప్రాణాలు నిలిచిన రోజులున్నాయి, చెప్పడం వల్ల నిలిచిన రోజు అది. మైకు దగ్గర కూర్చున్నవాడికి ఏది ఎప్పుడు అన్నది పుస్తకంలో దొరకదు.

పుస్తకం మాత్రం తర్వాత వచ్చింది. 1960ల చివర ఆకాశవాణి ఒక ప్రసార నియమావళి తయారు చేసుకుంది. మతాల మీద, సమాజాల మీద దాడి చేసే మాట ఉండకూడదన్నది అందులో ఒకటి. మిత్రదేశాల మీద విమర్శ, అశ్లీలం, హింసకి రెచ్చగొట్టడం, కోర్టు ధిక్కారం వగైరా మిగతావి. మంచి నియమమే. దీని వల్ల రేడియోలో ఒక మతం ఇంకో మతాన్ని తిట్టడం అనేది దాదాపు లేదు. కానీ దేవుడే లేడనేవాడి సంగతి? వాడు నోరు విప్పితే అన్ని మతాల మీదా దాడి కిందే లెక్క వేయొచ్చు కదా!

మన మాస్టారి బాధ ఇదే. ఆయనకి తెలుసో లేదో కానీ, తెలుగు నాట నాస్తికత్వానికి పెద్ద పేరు గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు గారు, పుట్టింది మన ఒడిశాలోనే. గంజాం జిల్లా ఛత్రపురంలో, 1902లో. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీ. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడ పటమటకి మార్చారు. మరుసటి ఏడు డిసెంబరు 1న అదే విజయవాడలో రేడియో కేంద్రం వచ్చింది. ఒకే ఊళ్ళో పొద్దున్నే భక్తి పాటల రేడియో, పక్కనే నాస్తిక కేంద్రం. ఇద్దరికీ ఊళ్ళో గౌరవం ఉండేది. కానీ తెల్లవారుజాము అరగంట మాత్రం ఒకరిదే.

అదే గంజాం వైపు నుంచి ఇంకో పేరు కూడా చెప్పాలి, మన చర్చి మిత్రుల కోసం. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890). పర్లాకిమిడి తాలూకాలో పుట్టారు, వాళ్ళ పూర్వులు బెంగాలు వాళ్ళు, రాసింది తెలుగులో. ఇవాళ తెలుగు చర్చిల్లో పాడే పాత కీర్తనల్లో ఆయనవి ఎన్నో ఉన్నాయి. కర్ణాటక రాగాల్లోనే ఉంటాయి. తెలుగు భక్తి అంటే మన గుడి పాటలే అనుకునే వాళ్ళు ఒకసారి ఆ కీర్తనలు వినండి. కోరాపుట్‌కి జర్మనీ నుంచి లూథరన్ మిషనరీలు వచ్చింది 1882లో, వాళ్ళ కన్నా ముందే ఈ వైపు తెలుగులో క్రైస్తవ కీర్తనలు ఉన్నాయి.

విజయవాడ "భక్తిరంజని" గురించి చెప్పకపోతే మా ఇంట్లో అన్నం పెట్టరు. మా ఆవిడకి ఇప్పటికీ ఆదివారం అంటే సూర్యనారాయణ మేలుకొలుపు పాటే. రజనీకాంతరావు గారు ఆ కార్యక్రమాన్ని తీర్చిదిద్దిన పద్ధతి చూస్తే నాకు ఆశ్చర్యం వేస్తుంది. పెద్ద పెద్ద వాగ్గేయకారుల కీర్తనలతో పాటు అధ్యాత్మ రామాయణ కీర్తనలు, ఎడ్ల రామదాసు తత్వాలు, ఊళ్ళలో బైరాగులు పాడుకునేవి కూడా పట్టుకొచ్చారు. తత్వాల్లో ఏముంటుంది? గుళ్ళో రాయికి మొక్కితే ఏమొస్తుందని, కులం ఎక్కడిదని, శాస్త్రాలు చదివినవాడికి ఏం తెలుసని ఉంటుంది. గోరా గారు ప్రసంగంలో చెబితే గొడవయ్యే మాటలు, తంబూరా మీద పాడితే భక్తి కింద జమ అయ్యాయి. ఒడియాలో భీమభోయి భజనలు కూడా అంతే. మహిమ ధర్మం విగ్రహాన్నీ కులాన్నీ రెంటినీ కాదంది. నా లెక్కలో మన ప్రాంతపు రేడియోలో "లౌకిక" గొంతు ఎక్కువగా వచ్చింది ఈ దొడ్డిదారిన, అంటే భక్తి కోటాలోనే.

తర్వాత ఉషశ్రీ గారు. విజయవాడ నుంచి ఆయన రామాయణ, భారత ఉపన్యాసాలు, "ధర్మసందేహాలు" వచ్చే టైముకి వీధులు నిశ్శబ్దంగా ఉండేవని పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. ఆ గొంతు విన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒక్క మాట మాత్రం అడగాలి. రేడియోకి అప్పట్లో లైసెన్సు ఉండేది, ఏడాదికి 15 రూపాయలు పోస్టాఫీసులో కట్టి స్టాంపు వేయించుకునేవాళ్ళం. ఆ 15 రూపాయలు హిందువూ కట్టాడు, ముస్లిమూ కట్టాడు, దేవుడు లేడనేవాడూ కట్టాడు. రాజ్యాంగం 27వ అధికరణం ప్రకారం ఏ ఒక్క మతాన్నీ పెంచడం కోసం ప్రత్యేకించిన పన్ను కట్టమని ఎవర్నీ బలవంతం చేయకూడదు. రేడియో వాళ్ళ సమాధానం ఏమంటే, ఇది మత ప్రచారం కాదు, సంస్కృతి, సాహిత్యం అని. ఆ సమాధానంలో నిజం ఉంది. కొంచెం తప్పించుకోవడం కూడా ఉంది.

ఇంగ్లండులో మాత్రం తప్పించుకోలేదు. అక్కడ బీబీసీకి మతం మొదటి నుంచీ బహిరంగంగానే ఉంది. 1924 జనవరిలోనే లండన్ చర్చి నుంచి ప్రార్థన ప్రసారం చేశారు. 1955 జనవరిలో మార్గరెట్ నైట్ అనే ఆవిడ, అబర్డీన్‌లో సైకాలజీ లెక్చరర్, బీబీసీలో రెండు ప్రసంగాలు చేశారు. దేవుడి పేరు చెప్పకుండా కూడా పిల్లలకి మంచీ చెడూ నేర్పొచ్చని ఆవిడ వాదన. దేశం అట్టుడికింది. ఇప్పటికీ బీబీసీ రేడియోలో పొద్దున పూట "థాట్ ఫర్ ది డే" అని మూడు నిమిషాలు ఇస్తారు. క్రైస్తవులకి, యూదులకి, ముస్లింలకి, హిందువులకి, సిక్కులకి, బౌద్ధులకి చోటుంది, ఏ మతమూ లేనివాళ్ళకి లేదు. వాళ్ళు అడుగుతూనే ఉన్నారు. 2002లో రిచర్డ్ డాకిన్స్‌కి ఒకసారి అవకాశం ఇచ్చారు, అదీ అసలు స్లాట్ బయట. రిజర్వేషన్ చార్టు భాషలో చెప్పాలంటే బెర్తు ఇవ్వలేదు, తలుపు దగ్గర నిలబడనిచ్చారు.

మన దగ్గర సైన్సుకి చోటు వేరే దారిలో వచ్చింది. 1976లో 42వ సవరణతో శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవడం పౌరుల విధుల్లో చేరింది. 1991లో ఆకాశవాణి మనిషి పరిణామం మీద 144 భాగాల ధారావాహిక మొదలుపెట్టింది. 18 భాషల్లో వచ్చింది. కోతి నుంచి మనిషి దాకా కథ. దేవుణ్ణి ఎవరూ తిట్టలేదు, కానీ సృష్టి కథ పక్కన ఇంకో కథ నడిచింది. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా క్యూలు కట్టినప్పుడు మా బుకింగ్ ఆఫీసులో సగం మంది చెంబులు పట్టుకుని పోయారు. రంగు కలిపిన పాలు విగ్రహం మీదుగా సన్నటి పొరలా కిందికి ఎలా జారతాయో ప్రభుత్వ శాస్త్రవేత్తలు చూపించారు. చూసి కొందరు నమ్మారు, కొందరు నమ్మలేదు. ఎవరినీ ఎవరూ కొట్టలేదు, అది ముఖ్యం.

దూరదర్శన్ రామాయణం సంగతి మీ అందరికీ గుర్తే. 1987 జనవరి 25 నుంచి 1988 జులై 31 దాకా, 78 భాగాలు. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఒక టీవీ, బొమ్మ సగం మంచు, ముందు అగరుబత్తులు. తొమ్మిదిన్నరకి కౌంటర్ దగ్గర ఈగలు తోలుకునేవాళ్ళం. ప్రభుత్వ టీవీ ఒక మతం కథని వారం వారం చూపించడం ఏమిటని అప్పుడే కొందరు అడిగారు. అది రాజకీయాన్ని ఎలా మార్చిందో అరవింద్ రాజగోపాల్ 2001లో పెద్ద పుస్తకమే రాశారు. అదే 1988 మొదట్లో దేశ విభజన మీద "తమస్" వచ్చింది. ఆపాలని కోర్టుకి వెళితే సుప్రీంకోర్టు ఆపలేదు. రెండూ ఒకే సంస్థ, ఒకే ఏడాది.

నాకు అన్నిటికన్నా గుర్తుండిపోయింది వేరే. రామాయణం పట్టాభిషేకంతో అయిపోతోందనగానే పంజాబులో జలంధర్ పారిశుద్ధ్య కార్మికులు సమ్మె కట్టారు. ఉత్తరకాండ కూడా తీయాలని. వాళ్ళు వాల్మీకిని గురువుగా కొలిచేవాళ్ళు, వాల్మీకి కథలో ముఖ్యంగా కనపడేది ఉత్తరకాండలో. చివరికి అది కూడా తీశారు. అంటే "హిందూ కార్యక్రమం" అని బయటివాళ్ళు ఒక ముద్ద కింద లెక్క వేసిన దాంట్లో కూడా మా వాటా ఏదని అడిగేవాళ్ళు ఉన్నారు. మన సంఘంలో కోమట్లు ఉన్నారు, కాపులు ఉన్నారు, రైల్వే కుటుంబాలున్నాయి, మునిసిపాలిటీ పనికి తాతల నాడు ఇక్కడికి వచ్చిన రెల్లి కుటుంబాలున్నాయి. "తెలుగు భక్తి" అన్నప్పుడు ఆ అరగంటలో ఎవరి పాట ముందు వస్తుందో ఆలోచించండి.

పైన సగంలో వదిలిన సంగతి. ఆకాశవాణి వాణిజ్య ప్రకటనల నియమాల్లో మతపరమైన ప్రకటన కుదరదు. 1994 కేబుల్ నియమాల్లోనూ అంతే. కాబట్టి బోధ చేయాలనుకున్నవాళ్ళు డబ్బు పట్టుకుని సిలోన్‌కి పోయారు, 1970 నుంచి సీషెల్స్ ద్వీపాల్లోని ఫీబా షార్ట్‌వేవ్‌కి పోయారు. మన కొండల్లో షార్ట్‌వేవ్ బాగా వచ్చేది. తర్వాత కేబులు, శాటిలైటు వచ్చాక ఒక్కో మతానికి ఒక్కో చానల్, ఒక్కో స్వామికి ఒక్కో చానల్. తిరుమల దేవస్థానం వారి చానల్ 2008లో వచ్చింది. ఇప్పుడు ఎవరికి కావలసింది వాళ్ళు చూసుకుంటున్నారు. సుఖంగానే ఉంది. కానీ మా క్వార్టర్లలో ఒకే రేడియో నాలుగిళ్ళకి వినపడేది. అందులో భజన తర్వాత నాత్, నాత్ తర్వాత క్రీస్తు కీర్తన వస్తే, ఇష్టం ఉన్నా లేకపోయినా చెవిన పడేది. పక్కింటివాడి దేవుడి పేర్లు అలా తెలిశాయి నాకు. ఫోన్లో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నవాడికి ఆ అవకాశం లేదు.

2008 ఆగస్టు గుర్తుందా? 23న కంధమాల్‌లో లక్ష్మణానంద సరస్వతి గారిని చంపేశారు. మావోయిస్టులు తామే చేశామన్నారు. ఆ మాట చేరేలోపే పుకారు చేరింది. పదుల మంది చనిపోయారు, వేల కుటుంబాలు అడవుల్లోకి, శిబిరాల్లోకి పోయాయి. సెగ మన జిల్లాలకీ తగిలింది. స్టేషన్లో బండి దిగిన కుటుంబాలు ఎటు వెళ్ళాలో తెలియక ప్లాట్‌ఫారం మీదే కూర్చున్న రాత్రులు నేను డ్యూటీలో చూశాను. రేడియో బులెటిన్ ముక్తసరిగా "రెండు వర్గాల మధ్య" అని చెప్పేది. నియమం ప్రకారం సరే. జనం మాత్రం ఆ రెండు మాటల ఖాళీలో తమకి నచ్చిన పేర్లు నింపుకున్నారు. 1948 జనవరి 30 నాటి ప్రకటన నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఎవరు చంపామన్నారో గంట గంటకీ, కువిలో, ఒడియాలో, తెలుగులో చెప్పి ఉంటే? ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. పుకారు కన్నా నెమ్మదిగా నడిచే రేడియో ఆ రోజు పనికి రాలేదన్నది మాత్రం నా అభిప్రాయం.

ఇక నియమగిరి. ఇది రాయకుండా ఉండలేను. జయపురం కేంద్రం 1964లో వచ్చింది. కువి, దేశియా పాటలు మనం విన్నది అందులోనే. ఆ పాటలు ఏ శీర్షిక కింద వస్తాయి? జానపదం, గిరిజన సంగీతం. తెల్లవారుజాము భక్తి కార్యక్రమంలో డోంగ్రియా కొంధుల పాట నేను ఎప్పుడూ వినలేదు. నియమ రాజాని పిలిచే పాట అయినా సరే, సాయంత్రం జానపదం కిందే. మన పాట భక్తి, వాళ్ళ పాట కళ. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నియమగిరి తీర్పులో, ఆ కొండ మీద తవ్వకం వాళ్ళ మతపరమైన హక్కుకి భంగమా కాదా అన్నది గ్రామసభలే తేల్చాలని చెప్పింది. ఆ ఏడు జులై, ఆగస్టుల్లో రాయగడ, కలహండి జిల్లాల్లో 12 పల్లెల్లో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. దేశంలో అతి పెద్ద కోర్టు అది మతమే అని పరిగణించింది, రేడియో చార్టులో మాత్రం ఆ పాటకి పెట్టె మారినట్టు నాకు కనపడలేదు.

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది, ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ జీవన్ రెడ్డి గారూ ఉన్నారు. ప్రసార భారతి చట్టం 1990లో చేసి 1997లో అమలు చేశారు. వివిధ ప్రాంతాల సంస్కృతులకీ భాషలకీ తగిన చోటు ఇవ్వాలన్నది ఆ చట్టం చెప్పిన విధుల్లో ఉంది. 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలు కూడా కమ్యూనిటీ రేడియో పెట్టుకోవచ్చు. జహీరాబాద్ దగ్గర మాచ్నూర్‌లో దళిత మహిళల సంగం రేడియో 2008లో వచ్చింది, మన కోరాపుట్‌లో రేడియో ధింసా ఉంది. కాబట్టి మనం అడిగేది దయ కాదు, చట్టంలో ఉన్నదే. ఏమని అడగాలన్నదే ప్రశ్న.

నా సూచన రాస్తున్నాను, ఒప్పుకోవాలని లేదు. ఉత్తరంలో "భక్తి" కొట్టేయొద్దు, అది కొట్టేస్తే మా ఇంట్లో వాళ్ళే సంతకం పెట్టరు. "తెలుగు కార్యక్రమం" అని రాసి, నెలకి నాలుగు వారాలని లెక్క పెట్టుకుందాం. ఒక వారం కీర్తనలు, అందులో అన్నమయ్య, త్యాగరాజు, పురుషోత్తమ చౌదరి అందరూ వస్తారు. ఒక వారం తత్వాలు, వేమన. ఒక వారం మాస్టారికి, లేదా ఆయన చెప్పినవాళ్ళకి, పది నిమిషాల ప్రసంగంతో సహా. ఆయన ఏం మాట్లాడాలో మనం దిద్దకూడదు, నియమావళి దాటకపోతే చాలు. నాలుగో వారం ఈ నేల పాటలు. తెలుగు అరగంటలో కువి పాట ఎందుకని ఇప్పటికే ఒకరు ఫోన్ చేసి అడిగారు. మన తాతలు బండి దిగక ముందు నుంచీ ఉన్నవాళ్ళు కాబట్టి అన్నాను. ఆయన "సరే, చూద్దాం" అని పెట్టేశారు.

కొత్త ముసాయిదా నా దగ్గర ఉంది, రెండు పేజీలు, ఒడియాలోకి మార్చాల్సిన పని మన కార్యదర్శి గారిది. మూడో పేరాలో నాలుగో వారానికి ఏ పేరు పెట్టాలో ఖాళీ వదిలాను. "జానపదం" అని మాత్రం రాయలేదు. కువి తెలిసిన సభ్యులు ఎవరైనా ఉంటే, వాళ్ళ భాషలో ఆ పాటల్ని ఏమంటారో అడిగి కింద రాయండి.